ఊరుకోనన్న మనిషి

డ్రిల్లింగ్ మిషన్ వెనక గోడకు ఆనిందో లేదో, ఆ వెనకున్న లాండ్రీ పెరట్లోంచి పెద్ద కేక వినబడింది.

బిల్డింగు యజమానురాలు ఉలిక్కిపడింది. రెండో అంతస్తు కిటికీలోంచి కిందికి తొంగిచూసింది.

లాండ్రీ ఆసామి ముసురులో తడుస్తూ చేతులు రెండూ పైకెత్తి, మెడనరాలు పొంగేలా అరుస్తున్నాడు. మిషన్ హోరులో సగం మాటలు కొట్టుకుపోతున్నాయి.

"మా వైపు... ఆ వేడిగాలి... ఊరుకోను!"

ఆ చివరి మాట మాత్రం సూటిగా వచ్చి చెవిలో పడింది.

"ముందు ఆ మిషన్ ఆపించండి," అంది ఏసీ కాంట్రాక్టరుతో. మిషన్ ఆగేలోపే కిటికీ కూడా మూసేసింది.

గొడవంటే ఆవిడకు చచ్చేంత భయం. భర్త ఉన్నన్నాళ్లూ ఆ తలనొప్పులన్నీ ఆయనే పడ్డాడు. ఆయన పోయాక, ఆయన కట్టించిన ఈ బిల్డింగు ఖాళీగా పడి ఉంది. ఇన్నాళ్లకు ఒక కంటి ఆసుపత్రివాళ్లు మొత్తం అద్దెకు తీసుకుంటామన్నారు. ఒకటే షరతు, వచ్చే నెలకల్లా కింది నుంచి పై దాకా ఏసీ ఉండాలి. ఏ రకం పెట్టిస్తారో సాయంత్రంలోగా తేల్చి చెప్పమన్నారు.

ఈ బేరం కూడా తప్పితే బిల్డింగు తనకు అమ్మెయ్యమంటాడు మరిది. అందుకోసమే కాచుక్కూర్చున్నాడు.

"డాబా మీద ఒకే పెద్ద మిషన్ పెడదామంటే స్లాబు మొయ్యదు మేడమ్," అన్నాడు కాంట్రాక్టరు. "ముందువైపు రోడ్డు. ఇక ఈ వెనక గోడే దిక్కు. ఏ అంతస్తు మిషన్లు ఆ అంతస్తుకే పెట్టి, బయటి పెట్టెలు ఈ గోడకు బిగిస్తే సరి. వారంలో అయిపోతుంది."

"ఆ పెట్టెలు ఊదే వేడిగాలంతా ఆయన పెరట్లోకే కదా పోయేది?"

"పోతుంది. మోత కూడా ఉంటుంది. ఆయన్ని ఒక్కమాట అడిగి చూడండి. ఒప్పుకుంటే ఏ పేచీ ఉండదు."

"ఆ మనిషినా? చూశారుగా, మీదపడి కరిచేలా ఉన్నాడు!"

అంతలో వాచ్‌మన్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మా, వెనక లాండ్రీ ఆయన వచ్చాడు. మీతో మాట్లాడాలట."

"లేనని చెప్పు."

"చెప్పానమ్మా. ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకోడే! నా మొహంలోకి చూసి, మళ్లీ మొదటికొస్తాడు."

కింద నుంచి కేక మెట్లదారంతా దద్దరిల్లేలా వచ్చింది.

"అమ్మగారూ! ఒక్కమాట!"

ఆవిడ తలుపు చాటుకు జరిగింది.

"పోనీ, నేను మాట్లాడి రానా మేడమ్?"

"వద్దు బాబూ. మాటకు మాట పెరుగుతుంది. ఆయన కోర్టుకెక్కాడంటే ఆసుపత్రివాళ్లు ఈ ఛాయలకే రారు. ఇంకో దారేదైనా చెప్పండి."

కాంట్రాక్టరు తల గోక్కున్నాడు.

"ఇంకో రకం ఉంది. తేలికపాటి పెట్టెలు డాబా మీద పెట్టి, కింది దాకా పొడుగాటి గొట్టాలు లాగొచ్చు. కానీ అవి మనకిక్కడ దొరకవు. తెప్పించాలంటే నెలలు పడుతుంది."

"అవే ఖాయం చేసుకుందాం. ఆసుపత్రివాళ్ల కాళ్లావేళ్లా పడి నేను ఒప్పిస్తాను."

వాచ్‌మన్ కిందికి వెళ్లాడు. కాసేపటికి గేటు వేసిన చప్పుడైంది. ఆవిడ అప్పటికి గాని ఊపిరి తీసుకోలేదు.

మర్నాడూ వచ్చాడా మనిషి. ఆ తర్వాతా వచ్చాడు. ఆవిడ లేనని చెప్పిస్తూనే ఉంది.

కాళ్లావేళ్లా పడినా ఆసుపత్రి పెద్ద డాక్టరు కరగలేదు.

"నెలలు ఆగాలంటే మావల్ల కాదమ్మా. ఏమీ అనుకోకండి. వేరే బిల్డింగుకు అడ్వాన్సు ఇచ్చేశాం."

మరిది మాత్రం ఒక్క పూట కూడా ఆగలేదు.

"నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానుగా వదినా! ఇవి మీవల్ల అయ్యే పనులు కావు," అంటూ కాగితాలు పట్టుకొచ్చాడు.

ఆవిడ సంతకాలు పెట్టింది. తాళాలగుత్తి మరిది చేతిలో పెట్టి, ముసురులోనే వీధిలోకొచ్చింది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. పోవాల్సినదంతా పోయాక భయం కూడా పోయింది. తిన్నగా వెనక సందులోకి నడిచింది.

లాండ్రీ నిండా తాళ్లమీద తడిబట్టలు వేలాడుతున్నాయి. లోపలంతా ముక్కిన వాసన. ఆసామి ఒక చొక్కాను ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టాలని కుస్తీ పడుతున్నాడు.

"ఇప్పుడు మీ కడుపు చల్లబడిందా?" అంది ఆవిడ గుమ్మంలోనే నిలబడి. "నిలువునా ముంచేశారు కదయ్యా! మా ఆయన కట్టించిన బిల్డింగు నా చేతిలోంచి పోయింది. తృప్తేనా మీకు?"

ఆయన ఆవిడ పెదాలకేసి ఒక క్షణం తేరిపార చూశాడు. మొహమంతా నవ్వుతో, గబగబా ఒక స్టూలు తుడిచి ముందుకు జరిపాడు.

"రండి అమ్మగారూ! కూర్చోండి!" అని వీధంతా వినబడేలా అరిచాడు.

ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది.

లోపల్నుంచి ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఆయనకు చెవులు బొత్తిగా వినబడవమ్మా. మిషన్ల మోతలో ఎప్పుడో పోయాయి. తన గొంతెంత పెద్దదో తనకే తెలీదు. ఏమీ అనుకోకండి." ఆమె కళ్లల్లో ఆశ కదిలింది. "ఇంతకీ ఆ ఏసీలు బిగిస్తున్నారా?"

"లేదు," అంది ఆవిడ. "బిల్డింగే అమ్మేశాను."

ఆమె మొహం వాడిపోయింది.

"అయ్యో! ఈ ముసురుకు బట్టలారక మా కొట్టు మూతపడేలా ఉందమ్మా. 'మా వైపు వదలండి ఆ వేడిగాలి, వదలకపోతే ఊరుకోను' అని మిమ్మల్ని బతిమాలుకోవడానికే కదా, ఈయన రోజూ మీ గుమ్మం చుట్టూ తిరిగింది!"