నూట పన్నెండు తప్పులు

"దీంతో కలిపి నూట పన్నెండు!" తండ్రి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "టైపు చేసినవాడు కళ్లకు గంతలు కట్టుకున్నాడా ఏంటి? మొదటి పేజీలోనే మామయ్యని మామిడయ్య చేశాడు. ఈ పుస్తకం రేపు అచ్చుకెళ్లాలి!"

ప్రూఫులు దిద్దడంలో చెయ్యి తిరిగిన మనిషి. తన చేతి మీదుగా వెళ్లిన పుస్తకంలో ఒక్క తప్పు మిగిలినా ఆయనకు తల కొట్టేసినంత పని. అందుకే పొద్దున్నుంచీ కుర్చీ వదల్లేదు.

"సేవ్ నేను చేస్తాలెండి నాన్నా, మీరు లేవండి," అంది కూతురు.

"ప్రతిసారీ నువ్వేనా? ఇవాళ నేనే నొక్కుతా."

ఆమె చెయ్యి అడ్డుపెట్టేలోపే నొక్కేశాడు. ఫైలు కూడా మూయబోయాడు.

"మూయకండి!" కూతురు దాదాపు అరిచింది. "ప్రెస్సుకి పంపాలిగా. అది నేను చూసుకుంటా. మీరు స్నానానికి వెళ్లండి."

ఆయన బాత్‌రూమ్ తలుపు వేసుకోగానే ఆమె కుర్చీలో కూలబడింది. ఫైలు తెరిచి ఉన్నంతసేపే అన్‌డూ పనిచేస్తుంది. మూస్తే ఇక అంతే సంగతులు. కంట్రోల్, జెడ్ కలిపి నొక్కింది. తండ్రి దిద్దిన ఆఖరి మాట మళ్లీ తప్పయింది.

తల్లి వంటగదిలోంచి వచ్చి తెర వైపు చూసింది. "సేవ్ చేసేశారా? కొంప మునిగిందే! రేపెలా?"

"ఇంకా మునగలేదమ్మా. ఒక్కొక్కటే వెనక్కి తెస్తున్నా."

"అన్నీనా?"

"ఒక్కటి కూడా వదలను."

"పాపం, పొద్దున్నుంచీ నడుం వాల్చకుండా దిద్దారే..." అంది తల్లి. అయినా వెళ్లి బాత్‌రూమ్ తలుపు దగ్గర కాపలా నిలబడింది.

యాభై. ఎనభై. వేలు నొప్పెట్టినా కూతురు ఆగలేదు.

"నీళ్ల చప్పుడు ఆగిందే!" తల్లి గుసగుసలాడింది.

నూట పది. నూట పదకొండు. నూట పన్నెండు. మామిడయ్య తిరిగొచ్చాడు. ఆమె గబగబా సేవ్ నొక్కి ఫైలు మూసేసింది.

తండ్రి తల తుడుచుకుంటూ వచ్చాడు. "పంపావా?"

"పంపాను."

"ఏమన్నారు?"

"వెతికినా ఒక్క తప్పు దొరకలేదట. పొద్దున్నే ఇంకో ఫైలు పంపుతారట."

"అయితే నన్ను పెందలాడే లేపు." ఆయన మొహం వెలిగిపోయింది. కూతురికి ఏడుపొచ్చింది, మింగేసింది.

ఆ పుస్తకం అచ్చయి పదకొండేళ్లయింది. ఆ సంగతి గుర్తులేనిది ఆయనొక్కరికే.