మూడో పెన్ను

సోమవారం నుంచి ల్యాప్‌టాప్‌లు వద్దు, ఇళ్ల ప్లాన్లన్నీ ట్యాబ్‌లోనే గీయాలని మా తమ్ముడి ఆఫీసులో చెప్పారు. ఆదివారం పొద్దున్నే ఆ ట్యాబ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కూర్చోడు, ఒకచోట నిలబడడు.

"దీంట్లో ప్లాన్ గీయడం ఏంటక్కా, నా మొహం. ల్యాప్‌టాప్‌లో అయితే కొలత కొడితే చాలు, గోడ తిన్నగా వచ్చేసేది. రేపట్నించి ఇల్లు కట్టించుకునేవాళ్ల ముందే నిలబడి పెన్నుతో గీయాలట. ఇది మూడో పెన్ను. ఒక్కటీ సరిగ్గా పనిచెయ్యదు."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే," అన్నాను.

వాడు నవ్వలేదు. "ఇరవై ఏళ్లుగా అన్నం పెట్టిన పని, ఈ పలక వల్ల పోయేలా ఉంది."

కిటికీ దాకా వెళ్లి తిరిగొచ్చి, ట్యాబ్ నా ఒళ్లో పెట్టాడు. తెర మీద వాడు గీసిన గోడలన్నీ వంకర్లు.

"పోనీ నువ్వు గీసి చూడు. ఈ మూల నుంచి ఆ మూలకి. నీకే తెలుస్తుంది."

పెన్ను ఆనించాను. గీత దారం లాగినట్టు వచ్చింది. సగం దాకా వచ్చాక తలెత్తి చూశాను. వాడు చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. కుడి జేబు సన్నగా అదురుతోంది.

క్షమించమని మనసులో దేవుణ్ణి అడిగి, మిగతా సగం వంకరగా లాగేశాను.

"నిజమేరా. పెన్నుదే లోపం."

తమ్ముడు ఆ గీత వైపు చాలాసేపు చూశాడు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"సగం దాకా బాగానే గీశావక్కా," అన్నాడు. "రేపు సెలవు పెడతాను. డాక్టరు దగ్గరికి నువ్వూ రా."