ఆవాజ్ బంద్

తాండూరు షెడ్డులో ఒక స్పోర్ట్స్ కారు సైలెన్సర్‌కు నజీర్ వాల్వు బిగించాడు. బటన్ నొక్కితే మోత తగ్గుతుంది, మళ్లీ నొక్కితే పెరుగుతుంది.

"గల్లీల అందరు తిడ్తున్రని పెట్టిస్తున్న. ఘాట్ల మాత్రం ఆవాజ్ బంద్ చెయ్యకు భాయ్," అని ఓనరు ఇమ్మానుయేలు వికారాబాద్ నుంచి ఫోన్‌లో చెప్పాడు.

చీకట్లో కారు అప్పజెప్పడానికి పోతూ, అనంతగిరి ఘాట్ రోడ్డు మలుపులో నజీర్ బటన్ నొక్కనే నొక్కాడు. చేసిన పని చూసుకోకుండా ఎట్లా?

మోత తగ్గగానే టింగ్ టింగ్‌మని వినిపించింది. పక్క సీటులో మనిషి బెల్టు పెట్టుకోలేదని కారు గుర్తుచేస్తోంది.

పక్క సీటు ఖాళీ. సామాన్ల పెట్టె కూడా డిక్కీలోనే ఉంది.

గబుక్కున మళ్లీ నొక్కాడు. ఆ చప్పుడు మోతలో మునిగిపోయింది. డ్యాష్‌బోర్డు మీద బెల్టు గుర్తు ఎర్ర దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

కాసేపటికి అదీ ఆరిపోయింది. నజీర్ మెల్లగా పక్కకు చూశాడు.

బెల్టు పెట్టి ఉంది.