గాలిగదిలో టిక్కులు

రేపటి క్లాసుకి మీటరు సరిచూద్దామని, రాత్రి తొమ్మిదింటికి ల్యాబ్ టెక్నీషియన్ గాలి పరీక్షల గదిలో ఒక్కతే తలుపు బిగించుకుని కూర్చుంది. మూసిన గదిలో ఒక మనిషి ఊపిరితో కొత్తగా చేరే కార్బన్ డయాక్సైడ్‌కి మీటరు నిమిషానికి పదిసార్లు టిక్కుమంటుందని ఏటా పిల్లలకు చూపించేది ఆవిడే. ఇప్పుడు ఇరవై టిక్కులు!

"దిక్కుమాలిన మీటరు," అని విసుక్కుని వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది. "బాబాయ్, స్టోర్‌లోంచి కొత్తది పట్టుకురావా?"

"కొత్తదే కదమ్మా, పొద్దున మీ చేతికిచ్చింది."

ఫోన్ పెట్టేసింది. తప్పు లెక్కపెట్టుంటానులే అనుకుని ముక్కూ నోరూ మూసుకుంది. తను ఊపిరి ఆపితే టిక్కులూ ఆగాలి. ఆగలేదు. నింపాదిగా, ఒక్క మనిషి లెక్కన, పడుతూనే ఉన్నాయి.

ఊపిరి బిగబట్టే మెల్లగా వెనక్కి తిరిగింది.

టిక్కులు ఆగిపోయాయి.