ఓడించినవాడి బోర్డు

మార్లిస్ తన ఇంటి ముంగిట్లో స్టాడ్లర్ పేరున్న ఎన్నికల బోర్డు పాతుతోంది.

రోడ్డు దాటి వచ్చిన వెర్నీస్ గడ్డి అంచునే ఆగిపోయింది. చేతిలో బంగాళదుంపల కాసరోల్ గిన్నె. ఎవరైనా పోతే ఆ ఇంటికి కాసరోల్ పట్టుకెళ్ళడం ఆ ఊరి ఆనవాయితీ. ఎన్నికలో ఓడినా అంతే. మార్లిస్ ఓడి నెల దాటింది. వెర్నీస్‌కి ఇప్పటికి కాళ్ళు కదిలాయి.

"ఇన్నాళ్ళకి దారి కనబడిందా?" తలెత్తకుండానే అంది మార్లిస్. "మధ్యనున్నది ఒక్క రోడ్డేనే."

"మోకాళ్ళ నొప్పులు..."

"ఓడింది నేనైతే నొప్పి నీ మోకాళ్ళకొచ్చిందా?"

వెర్నీస్‌కి నవ్వు రాలేదు. "వాడి బోర్డు నువ్వు పెట్టడమేమిటి, మార్లిస్?"

అసెంబ్లీ సీటుకి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే పోటీలో మార్లిస్, స్టాడ్లర్ ఇద్దరే ఉన్నారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మార్లిస్‌దే గెలుపని అందరూ అనుకున్నారు. స్టాడ్లర్ ఇంటింటికీ కరపత్రం పంపాడు. మతి తప్పిన మొగుణ్ణి వృద్ధాశ్రమంలో పారేసిన మనిషి మిమ్మల్నేం చూస్తుందని.

ఆమె భర్త ఎర్ల్‌ని అక్కడ దింపిన కారు వెర్నీస్‌దే. తిరిగొస్తూ వెనక సీట్లో మార్లిస్ ఎలా ఏడ్చిందో అద్దంలో చూసింది కూడా ఆమే.

చివరికి స్టాడ్లర్ వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని ఓట్లతో గెలిచాడు.

"ఎవరు ముంచారో తెలిసి చస్తేగా," అంది మార్లిస్. "ఈ విస్కాన్సిన్‌లో ఎవరైనా ఏ పార్టీ పోటీలోనైనా ఓటెయ్యొచ్చు, ఎవరిది ఏ పార్టీయో ఎక్కడా రాసుకోరు. తలుపు తట్టాక కాఫీ ఇస్తారో, కుక్కని వదుల్తారో చూసి తెలుసుకోవాల్సిందే."

"ఈ ఒక్కసారికీ నవంబరులో అసలు ఎన్నికప్పుడు ఇంట్లో కూర్చోరాదూ? నిన్నెవరూ తప్పుపట్టరు."

"అలిగి చాలామంది ఆ మాటే అంటున్నారు. వాడి మొహం చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. కానీ పార్టీ వాడి అబ్బ సొత్తా? మనలో మనం కొట్టుకుని అవతలివాళ్ళకి అప్పనంగా ఇచ్చేద్దామా? నేనే బోర్డు పెడితే మనవాళ్ళు దిగొస్తారు. ఆ కర్ర పట్టుకో, వాలిపోతోంది."

వెర్నీస్ గిన్నె మెట్టు మీద పెట్టి కర్ర పట్టుకుంది. సుత్తి దెబ్బ పడినప్పుడల్లా అరచేతులు అదిరాయి.

"మార్లిస్, నీకొకటి చెప్పాలి. నేను స్టాడ్లర్‌కి వేశాను."

సుత్తి గాల్లోనే ఆగింది.

"కరపత్రం చదవకముందా, చదివాకా?"

"చదివాకే."

మార్లిస్ రోడ్డవతల వెర్నీస్ ఇంటి ముంగిలి వైపు చూసింది. తర్వాత ముక్కు ఎగబీల్చి సుత్తి సరిగ్గా పట్టుకుంది.

"మీ ఆయన క్లేటన్ పోయాక నీ బుర్ర తిన్నగా లేదని అనుకుంటూనే ఉన్నా." కర్ర నెత్తిన ఒక దెబ్బ వేసింది. "సరే. నీకు నచ్చాడు, వేశావు. ఇంటి గొడవ ఇంట్లోనే తీరిపోయింది. క్లేటన్ ఉంటే ఇదే మాట అనేవాడు. బతికినన్నాళ్ళూ మీ ముంగిట్లో మన పార్టీ బోర్డు లేని ఎన్నిక ఉందా?"

వెర్నీస్ కళ్ళు తుడుచుకుంది.

"ఏడవకు. నేనేం మనసులో పెట్టుకోలేదు. నవంబరులో నీ కారులోనే పోదాం, ఇద్దరం కలిసి వేద్దాం. సరేనా?"

వెర్నీస్ తలూపింది. చెప్పాల్సిన మిగతా సగం చెప్పకుండానే, మెట్టు మీది గిన్నె తీసి మార్లిస్ చేతికిచ్చింది.

పెళ్ళయిన నాటి నుంచీ తెర చాటున అవతలి పార్టీకే ఓటేస్తూ వచ్చిన వెర్నీస్, నవంబరులో తనవాళ్ళు మార్లిస్‌ని ఓడించలేరు, స్టాడ్లర్‌నైతే ఓడించగలరని లెక్క వేసుకుని, ఆగస్టులో మొదటిసారి ఈ పార్టీ పోటీలో వేలు పెట్టింది.