మీటియోరిక్ బ్యానర్

"అర్థం చెప్తేనే కుంచె ముడ్త," అన్నాడు మొగులయ్య.

గౌలిపురలో బోర్డులు, బ్యానర్లు రాసే డబ్బా దుకాణం అతనిది. ఎదురుగా నిలబడ్డ బసవయ్య ఆ బస్తీ లీడర్ భిక్షపతికి కుడిభుజం. చేతిలో చీటీ, దాని మీద ఇంగ్లిష్ అక్షరాలు.

"రాసుడు నీ పని. అర్థం నీకెందుకు?"

"పోయినసారి తెల్వక తప్పు రాస్తే మీ పోరగాళ్లే నా రంగు డబ్బాలు తన్నిండ్రు గదనే!"

బసవయ్య నవ్వాడు. "మీటియోరిక్. చూస్తుండంగనే పైకొచ్చినోడని."

"మా బామ్మర్ది తాటిచెట్టు సర్రున ఎక్కుతడు. ఆనికి గూడ అంటరా?"

"చెట్లెక్కెటోళ్లకు అనరు పిచ్చోడా! బతుకుల ఎదిగినోళ్లకు అంటరు. మొన్నటిదాంక అన్న ఇండ్లిండ్లకు పాలు పోసిండు. ఇయ్యాల మంత్రులు ఫోన్లు చేస్తుండ్రు. మేమేమో గాడనే ఉన్నం."

"అయితే అన్నకు మస్తు సరిపోయింది." మొగులయ్య తెల్లగుడ్డ పరిచి, చీటీ చూసి అక్షరాలు దించసాగాడు. "నా దుకాణం నిలబడ్డదంటే గాయన దయనే. రేపు రోడ్డు వెడల్పు చేసెటోళ్లు వచ్చి కూలగొడ్తరట. అన్న వచ్చి అడ్డం నిలబడ్తనన్నడు. లేకుంటే నా పెండ్లాం పిల్లలు రోడ్డు మీదనే."

"ఎన్నింటికి వస్తడు?"

"పొద్దుగాల ఏడింటికే."

"మాకు చెప్పనే లేదు! ఒక్కడే వస్తడా?"

"ఒక్కడే. మంది వస్తే లొల్లి అయితదన్నడు."

బసవయ్య బ్యానర్ వైపు తిరిగాడు. అక్షరాలు ఎర్రగా మెరుస్తున్నాయి. వాటి కింద సగం గుడ్డ ఖాళీగా ఉంది.

"గీ జాగల ఏం రాయాలె?" అడిగాడు మొగులయ్య.

"రేపు చెప్త."

"రేపంటే కాదన్నా. ఆయిల్ పెయింటు. ఆరెతందుకు రాత్రంత పడ్తది. నీకెప్పుడు కావాలె?"

"రేపు పగటీలికి. ఊరేగింపుల ముంగట పట్టాలె."

"మరి ఇప్పుడే చెప్పు."

బసవయ్య బయటికి తొంగి చూశాడు. దుకాణం తలుపు దగ్గరికి వేశాడు. మొగులయ్య భుజం మీద చెయ్యేసి నొక్కాడు.

"నీకు ఇంగ్లిష్ రాదు గద. రేపటిదాంక తెలుగు గూడ రాదనుకో."

"అదేందన్నా?"

"చుట్టు నల్ల అంచు గియ్యి. నడుమ రేపటి తారీఖు ఎయ్యి. దాని కింద 'భిక్షపతి అన్న అమర్ రహే' అని రాయి."