నాలుగు ఇటుకలు

మంచం, కిరసనాయిలు స్టవ్వు, ఆఫీసు బల్ల అన్నీ వెనకాల అమర్చిన ఎత్తయిన సర్కారు క్యాంపు వ్యాను అది. ఫలక్‌నుమా గుట్ట దిగుతుండగా గాలిదుమారం దాన్ని పక్కకు తోసింది.

"జర ఆపుత సార్," అన్నాడు డ్రైవర్ ఇశ్రాయేలు.

"వీల్లేదు! పోయిన వారం గాలి వంకతో ఆపావనే కదా మెమో రాశాను. బల్ల మీదే ఉంది. సాయంత్రం సంతకం పెట్టానంటే నీ ఇంక్రిమెంటు ఆగిపోతుంది," అన్నారు పక్కన కూర్చున్న ఆఫీసరు జగన్నాథరావుగారు.

ఇశ్రాయేలు వేగం తగ్గించి స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టాడు. వ్యాను మళ్లీ ఒరిగింది.

"ఆపవయ్యా బాబూ!"

"ఇప్పుడు ఆపితే ఎనుకొచ్చే లారీ గుద్దుతది సార్. మీరు ఎనుకకు పోయి రెండు దిక్కుల కిటికీలు తెరువుండ్రి. గాలి గిట్లొచ్చి గట్ల పోతది, బండి పడదు."

"మరి నా కాగితాలో?"

"బండి పడితే మనమే ఉండం సార్."

ఆయన పాకుతూ వెళ్లి, కళ్లు గట్టిగా మూసుకుని, స్వహస్తాలతో రెండు కిటికీలూ తెరిచారు. గాలి హోరున లోపలికొచ్చి అటునుంచి వెళ్లిపోయింది. వ్యాను కుదుటపడింది.

ఆయన కళ్లు తెరిచారు. నాలుగు ఫైళ్లూ బల్ల మీద భద్రంగా ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో ఇటుకతో. మెమో మాత్రం లేదు.

"ఈ ఇటుకలేమిటయ్యా?"

"టైర్ల కింద పెట్టేటియి సార్. పొద్దుగాల గాలి జూసి మీ కాగితాల మీద పెట్టిన."

ఇశ్రాయేలు అద్దంలోంచి వినయంగా చూశాడు.

"ఒక్కటి తక్కువ పడ్డది సార్."